కూడితే ఎనిమిది

ఆ శనివారం ఉదయం లక్ష్మణరావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదింటికల్లా పోశవ్వను వెంటబెట్టుకుని అబిడ్స్ వెళ్ళడం, ఆమె డబ్బు కట్టించడం, పదకొండున్నరకు నాంపల్లిలో ఇంటికి తిరిగొచ్చి, కుక్కర్లో ఉడికించి పెట్టిన పప్పుకు తాలింపు వేసుకోవడం. భార్య నాగరత్నం పోయిన ఈ రెండేళ్ళలో ఆయన వంట తాలింపు దాకా వచ్చింది. ఆవాలు చిటపటమన్నప్పుడు వెనక్కి గెంతకుండా నిలబడటం మాత్రం ఈమధ్యే అలవాటైంది.

పోశవ్వ ఆ ఇంట్లో పద్ధెనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన మనిషి. నాలుగిళ్ళలో అంట్లు తోమి, బట్టలుతికి, ఎవరికీ తెలియకుండా నలభై అయిదు వేలు వెనకేసింది. ఆ డబ్బు బియ్యం డబ్బాలో, బియ్యం అడుగున ఉండేది. బ్యాంకులో ఎందుకు వేయలేదంటే, బ్యాంకు కార్డూ, దాని రహస్య నంబరూ, ఓటీపీ వచ్చే ఫోనూ మూడూ కొడుకు ఎల్లేష్ చేతిలోనే ఉన్నాయి.

ఎల్లేష్ చెడ్డవాడు కాదు. తాగడు, పేకాడడు. పెళ్ళిళ్ళకు డీజే బాక్సులు కిరాయికి ఇస్తాడు. అతనికున్న జబ్బల్లా ఒక్కటే, ఎవరు ఏ స్కీము చెప్పినా నమ్ముతాడు. నిరుడు నల్లకోళ్ళు పెంచితే గుడ్డుకు యాభై రూపాయలన్నారు. కోళ్ళు వచ్చాయి, గుడ్లు రాలేదు. అంతకుముందు మునగాకు పొడి. ఆ పొడి ఇప్పటికీ మూడు బస్తాలు మంచం కింద ఉంది. తాజాగా ఫోన్లో ఏదో యాప్. నలభై వేలు పెడితే రెండు నెలల్లో ఎనభై వేలట.

"రాతిరి తినుకుంట బియ్యం డబ్బ దిక్కే చూస్తుండు సారూ," అంది పోశవ్వ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ. "అన్నం తక్కువైందా కొడుకా అంటె, లేదవ్వా, గీ డబ్బ కొత్తదా అని అడుగుతుండు. పన్నెండేండ్ల డబ్బ! ఇయ్యాల కట్టకపోతె రేపటికి గా పైసలుండయి. రాణి గిప్పుడు పది చదువుతున్నది. మూడేండ్లకు నర్సింగుల చేరుస్తనని మాటిచ్చిన నా మనవరాలికి."

"ఇవాళే కట్టేద్దాం. ఇవాళ ఆఖరి రోజు కూడాను. ఒంటిగంటకు కౌంటరు మూసేస్తారు," అన్నాడు లక్ష్మణరావు.

నెల క్రితం ఆయన తన పేరున ఒక ప్రభుత్వ బహుమతి పొదుపు పత్రం తీసుకున్నాడు. దాని సంగతి విన్నప్పటి నుంచి పోశవ్వకు అదే ధ్యాస. ఆటోలో కూర్చున్నాక మళ్ళీ అడిగింది.

"మల్లొక్కసారి చెప్పుండ్రి, గది ఎట్లుంటదో."

"నీ అసలు ప్రభుత్వం దగ్గర ఉంటుంది. మూడేళ్ళకు మొత్తం తిరిగిస్తుంది. మిత్తి మాత్రం తక్కువ, ఏడాదికి నూటికి నాలుగే."

"గంత తక్కువనా? మిగిలిన మిత్తి ఎవలు తింటరు?"

"ఎవరూ తినరు. అందరి మిత్తీ కొంచెం కొంచెం ఒక కుండలో పోసి, ఆర్నెల్లకోసారి డ్రా తీస్తారు. నీ నంబరొస్తే పది లక్షల దాకా రావచ్చు. రాకపోయినా అసలెక్కడికీ పోదు."

"మద్దెల తీయరాదు గదా?"

"మధ్యలో ఎవరూ తీయలేరు. నువ్వూ తీయలేవు."

"నేను తీయకుంటె ఏమాయె సారూ, వాడు తీయొద్దు గని."

"నువ్వే తీయలేనిది వాడెట్లా తీస్తాడు?"

పోశవ్వ మొహం వెలిగింది. పది లక్షల మాటకు వెలగని మొహం ఆ మాటకు వెలిగింది.

పొదుపు ఆఫీసు చిరాగ్ అలీ లేన్ దగ్గర ఒక పాత మేడ మీద ఉంది. ఆఖరి రోజు కావడంతో లైను మెట్ల దాకా వచ్చింది. అయినా చకచకా కదిలింది. వాళ్ళు నిలబడ్డ చోట నెత్తిమీద ఫ్యాను ఉంది. లైను మీద ఫ్యాను ఉండటమే అపురూపం, అది తిరుగుతూ ఉండటం దేవుడి దయ అనుకున్నాడు లక్ష్మణరావు. పదీ నలభైకి వాళ్ళ వంతు వచ్చింది.

అద్దం వెనక చంద్రిక అనే అమ్మాయి కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. ఆమె ముందు లావుపాటి పుస్తకం. అందులో అచ్చు వేసిన పత్రాలు వరసగా ఉంటాయి. పేరు రాసి, సంతకమో వేలిముద్రో తీసుకుని, ఒక్కొక్కటే చింపి ఇస్తుంది. మనిషికి ఒకటే పత్రం. అయిదు వేల నుంచి ఎంతైనా కట్టవచ్చు.

"నంబరు చూస్కొని వేలిముద్ర పెట్టమ్మా," అంది చంద్రిక పుస్తకం తిప్పి చూపిస్తూ.

307529.

నాగరత్నానికి ఒక అలవాటుండేది. కంటపడిన ప్రతి నంబరూ కూడేది. బస్సు టికెట్టు, గ్యాసు బండ, ఆటో వెనక నంబరు ప్లేటు. ఎనిమిదొస్తే ఆ ఆటో ఎక్కేది కాదు, ఎండలో ఇంకో ఆటో కోసం నిలబెట్టేది. లక్ష్మణరావు దాన్ని ఏనాడూ నమ్మలేదు. కానీ ఈ రెండేళ్ళుగా ఆయనే కూడుతున్నాడు. కూడుతున్నంతసేపు ఆవిడ పక్కన నిలబడి వేళ్ళు మడుస్తున్నట్టే ఉంటుంది.

"మూడు, పది, పదిహేను, పదిహేడు, ఇరవై ఆరు. రెండూ ఆరూ ఎనిమిది," అని పైకే అనేసి, తనలో తాను నవ్వుకున్నాడు.

ఇంకు ప్యాడు మీద పోశవ్వ వేలు ఆగిపోయింది.

"ఎంతన్నరు?"

"ఏం లేదు, నువ్వు వెయ్యి."

"ఎనిమిదన్నరు. నేనిన్న. ఎనిమిది శనిదని అమ్మ చెప్పేది. గ్యాసు బండకు ఎనిమిదొస్తె వాపస్ పంపేది. ఇయ్యాల వారమేంది?"

"శనివారం."

"ఇగ సూడుండ్రి! రాణి చదువు పైసలు తీస్కపోయి శనివారం నాడు శని చేతిల పెడ్తనా?"

అదంతా ఉత్తదే అని చెప్పాలంటే నాగరత్నం మాట ఉత్తదే అని చెప్పాలి. బతికి ఉండగానే ఆవిడకు ఎదురు చెప్పని మనిషి, పోయాక ఏమని చెబుతాడు? ఆయన అద్దం కన్నం దగ్గరికి వంగాడు.

"అమ్మా, దీని తర్వాతది ఇవ్వరాదూ?"

"వరస తప్పొద్దు సార్. ఇది చింపినంకనే అది. ఎందుకు, ఏమైంది?"

ముప్పై ఏళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మనిషికి, శని గురించి ఆ అమ్మాయితో చెప్పడానికి నోరు రాలేదు. "ఊరికే అడిగాను," అన్నాడు.

తర్వాతి నంబరు 307530. అది కూడితే తొమ్మిది. ఆ సంగతి చెప్పగానే పోశవ్వ కుదుటపడింది. "తొమ్మిది మస్తు మంచిదట, అమ్మ చెప్పింది. ఎనకాయనను ముందుకు పోనియ్యిండ్రి, మనం గా తొమ్మిది తీస్కుందాం." చాలా సబబైన ఆలోచనే. లక్ష్మణరావు పక్కకు జరిగి, వెనకాయనకు దారిచ్చాడు.

వెనకాయన పేరు రాంచందర్. కోఠిలో బట్టల దుకాణం. భారీ మనిషి. దారి ఇచ్చినా కదలకుండా లక్ష్మణరావును ఎగాదిగా చూశాడు.

"మీరు కానివ్వండి, మేం తర్వాత తీసుకుంటాం."

"ఎందుకు?"

"ఊరికే."

"సార్, నలభై ఏండ్ల సంది గీ షహర్ల లైన్లు కడుతున్న. తోసినోన్ని చూసిన, కాలు తొక్కినోన్ని చూసిన. నువ్వు ముందు పో అన్నోన్ని ఇయ్యాలనే చూస్తున్న. మతలబేందో చెప్పుండ్రి."

రెండోసారి 'ఊరికే' అనడం లక్ష్మణరావు వల్ల కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆనాటి గొడవంతటికీ మూలం అదే. నిజం దాచాల్సిన చోట చెప్పాడు, చెప్పాల్సిన చోట దాచాడు.

"గిసుంటియి నేను నమ్మ," అన్నాడు రాంచందర్. దర్జాగా కౌంటరు దాకా వెళ్ళాడు. నంబరు చూశాడు. జేబు తడుముకున్నాడు. "అరెరె, ఆధార్ జిరాక్స్ మర్చిపోయిన మేడం," అని వెనక్కి వచ్చి, పోశవ్వ పక్కన నిలబడ్డాడు. జిరాక్స్ కాగితం అంచు ఆయన చొక్కా జేబులోంచి బయటికే కనిపిస్తోంది.

ఆయన వెనకున్న మనిషికి రాంచందర్ చెవిలో ఏదో చెప్పాడు. ఆ మనిషికి వెంటనే కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయిన సంగతి గుర్తొచ్చింది. అతని వెనకావిడకు బీపీ బిళ్ళ వేసుకోవాల్సిన టైమయింది. ఆమె వెనక మనిషి కౌంటరు దాకా వెళ్ళకుండానే, "పెన్ను లేదు," అన్నాడు. అలా ఒక్కొక్కరే పక్కకు వచ్చి, పోశవ్వ వెనక, రాంచందర్ వెనక, ఒకరి వెనక ఒకరు నిలబడసాగారు. పదకొండున్నరకు మొదటి లైను పూర్తిగా కరిగిపోయి, పక్కన కొత్త లైను తయారైంది. కౌంటరు ముందు ఖాళీ. దానికి రెండు బారల దూరంలో గోడ వెంట యాభై మంది, ఎంతో క్రమశిక్షణతో.

"ఎవరన్న వస్తున్నరా?" అంది చంద్రిక అద్దం వెనకనుంచి.

యాభై మందీ సీలింగు వంక చూశారు.

అందరికీ కావలసింది రెండో స్థానమే. దానికి మాత్రం కొట్లాటలు మొదలయ్యాయి.

"ఫస్టు వద్దన్నది నువ్వు. మరి సెకండు నీదెట్లైతదమ్మా?" అన్నాడు రాంచందర్.

"ఫస్టు నాదుండె. నాది నేనిడిచిపెట్టిన. గందుకే సెకండు గుడ నాదే!" అంది పోశవ్వ. ఆ తర్కంలో తప్పెక్కడుందో రాంచందర్‌కు అంతుబట్టలేదు.

ఆ సమయంలో మెట్లెక్కి ఒకాయన వచ్చాడు. ఖాళీ కౌంటరు చూసి ఆయన కళ్ళు మెరిశాయి. ఆఖరి రోజున ఇంత అదృష్టమా అన్నట్టు గబగబా నడిచాడు. గోడ వెంట అందరూ ఊపిరి బిగబట్టారు. "ఎవ్వరు మాట్లాడకుండ్రి," అన్నాడు రాంచందర్ పళ్ళ సందునుంచి. అందరూ ఆ కొత్తాయన వంక ప్రేమగా చూస్తూ నవ్వారు. ఆయన సగం దూరంలో ఆ నవ్వులు చూశాడు. అబిడ్స్‌లో ముక్కూ మొహం తెలియని యాభై మంది ఒకేసారి తన వంక చూసి నవ్వితే ఎవరికైనా గుండె జారుతుంది. "పార్కింగు సరిగ్గ పెట్టలే," అని గొణిగి, వచ్చిన దారినే దిగిపోయాడు. మళ్ళీ రాలేదు.

తర్వాత నల్ల టీషర్టు వేసుకున్న ఒకతను లైనులోంచి ముందుకొచ్చాడు. "ఛీ, ఏ కాలంలో ఉన్నామండీ? నేను తీసుకుంటా," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పోశవ్వ అతని తల నిమిరి, "సల్లగుండు కొడుకా," అంది. అతను కౌంటరు ముందు నిలబడి, ఎందుకైనా మంచిదని భార్యకు ఫోన్ చేశాడు. అవతలి మాటలు ఎవరికీ వినపడలేదు. అతని మాటలు వినపడ్డాయి. "నేనూ నమ్మను... కాదు, నువ్వు నమ్ముతావని కాదు... మీ అమ్మగారా?... సరే... సరేనన్నా కదా." ఫోన్ జేబులో పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా తన స్థానంలోకి వచ్చి నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనలేదు. లైనులో పెళ్ళయినవాళ్ళే ఎక్కువ.

పన్నెండుకు చంద్రిక బల్లమీద ఫోన్ మోగింది. పై ఆఫీసరు కాబోలు.

"లైనా సార్? మస్తుంది, మెట్ల కాడి దాక... పదీ నలభై సంది ఎన్ని అమ్మిననంటరా? సున్నా సార్... లేదు, సర్వర్ మంచిగనే ఉంది... నాకేమెరుక సార్, అందరు ఏదో ఒకటి మర్చిపోయి వచ్చిన్రు."

లక్ష్మణరావు గడియారం చూశాడు. ఒంటిగంటకు కౌంటరు మూసేస్తారు. పోశవ్వ నలభై అయిదు వేలూ ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డమూటలోనే ఉన్నాయి. అవి సాయంత్రం ఇంటికి తిరిగి వెళ్తే, రాణి నర్సింగు చదువు యాప్‌లో కరిగిపోతుంది. అంతా తన నోటి దురదవల్లే. అందరి ముందుకూ వచ్చి చేతులు జోడించాడు.

"తప్పు నాదేనండీ. నేనే పైకి కూడి చెప్పాను. నేనే ఆ పత్రం తీసుకునేవాణ్ణి, కానీ నాకిప్పటికే ఒకటుంది. మనిషికి ఒకటే ఇస్తారు. మీలో ఎవరైనా పెద్దమనసు చేసుకుని..."

పెద్దమనసు ఎవరికీ లేకపోలేదు. కానీ ఎనిమిదికి సరిపడా లేదు.

అప్పుడు బుచ్చిబాబు ముందుకొచ్చాడు. ఆరు వేళ్ళకు ఉంగరాలున్న స్థలాల వ్యాపారి. "చూడండి మాస్టారూ, ఊరికే తీసుకోమంటే ఎవరు తీసుకుంటారండీ? నేను తొమ్మిదొచ్చే నంబరు కోసం లక్షా ఇరవై వేలు పెట్టానండీ. కారు తర్వాత కొన్నాను, నంబరు ముందు కొన్నాను. నంబరంటే ఆషామాషీ కాదు. తలా వంద వేసుకుందాం. యాభై మందిమి, అయిదు వేలవుతుంది. ఆ ఎనిమిది తీసుకున్నవాళ్ళకు అయిదు వేల పత్రం మన ఖర్చు. చేతి చమురు వదలక్కర్లేదు."

జేబుల్లోంచి వందలు వచ్చాయి. ఫోన్లో కొడతామన్నవాళ్ళ దగ్గర బుచ్చిబాబు ఫోన్లో కొట్టించుకుని, తన జేబులోంచి నోట్లు తీసి కలిపాడు. పదిహేను నిమిషాల్లో అయిదు వేలూ పోగయ్యాయి. ఆయన వాకిట్లోకి వెళ్ళి, నోట్లు విసనకర్రలా పట్టుకుని మెట్ల వైపు కేక వేశాడు. "అయిదు వేలు ఉచితం! పత్రం లేనివాళ్ళెవరైనా రావచ్చు!" కింద కాపలాదారు తలెత్తి చూసి, సంగతి కనుక్కుని, "శని ఉత్తగొచ్చినా శనే సాబ్," అని మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

సరిగ్గా ఆ క్షణాన ఎల్లేష్ రొప్పుతూ మెట్లెక్కుతున్నాడు. పొద్దున్న బియ్యం డబ్బా బోర్లించి చూశాడు. బియ్యం తప్ప ఏమీ లేదు. పక్కింటావిడను అడిగితే, "మీ అవ్వ సారుతోని అబిడ్స్‌ల పొదుపు ఆఫీసుకు పోయింది," అంది.

కొడుకును చూడగానే పోశవ్వ లక్ష్మణరావు వెనక్కి నక్కి, నడుముకున్న మూట మీద రెండు చేతులూ పెట్టుకుంది. "అయిపోయింది సారూ. వాడొచ్చిండు."

ఎల్లేష్ నోరు తెరిచింది తల్లిని కేకెయ్యడానికే. కానీ 'ఉచితం' అన్న మాట చెవిన పడింది. నోరు తెరిచింది తెరిచినట్టే బుచ్చిబాబు వైపు తిరిగాడు.

"ఏం స్కీమన్నా గిది?"

ఒకేసారి యాభై మంది చెప్పారు.

"ఎనిమిదైతేంది, ఎనభై ఎనిమిదైతేంది! అయిదు వేలు ఉత్తగొస్తయంటె శని నాకు చుట్టమే. ఇటియ్యన్నా," అన్నాడు ఎల్లేష్. ఆధార్ జిరాక్సులు, రెండు ఫోటోలు, పెన్ను, అన్నీ అతని జేబులో సిద్ధంగా ఉన్నాయి. యాప్ వాళ్ళకు ఇవ్వడానికి తెచ్చుకున్నవి. ఆ పొద్దున ఆ ఆఫీసుకు ఏదీ మర్చిపోకుండా వచ్చిన మొదటి మనిషి అతనే.

లైనంతా ఈలలు వేసింది. రాంచందర్ అతని భుజం తట్టి కౌంటరు దాకా సాగనంపాడు. చంద్రిక కూడా కొంచెం నిటారుగా కూర్చుంది. పేరు రాయడానికి పెన్ను తెరిచింది.

"ఆగు బిడ్డా!"

ఆ కేకకు ఫ్యాను కూడా ఒక్క క్షణం తడబడినట్టయింది. పోశవ్వ లైనును రెండుగా చీల్చుకుని వచ్చింది.

"ఏమయ్యా, బుద్ధున్నదా మీకు? తలా వంద వేసి నా కొడుకు నెత్తిమీద శనిని కొనిపెడ్తున్నరా? మీ కొడుకులకు కొనియ్యరాదుండ్రి!" కొడుకు రెక్క పట్టుకుని పక్కకు లాగింది. "నువ్వు జరుగు. ఉత్తగొస్తదంటె బాయిలనన్న దుంకుతవు."

నడుము దగ్గర మూట విప్పింది. నోట్ల కట్టను కన్నంలోంచి లోపలికి తోసింది.

"గా ఎనిమిది నా పేరు మీదనే రాయి బిడ్డా. ఏమయ్యేది ఉంటె నాకే గానీ. పెద్దమనిషినైన. వానికి ముందట శానా బతుకున్నది."

చంద్రిక నోట్లు లెక్కపెట్టే యంత్రంలో వేసింది. అది గరగరా తిరిగి నలభై అయిదు వేలని చూపించింది. ఏ డబ్బు కోసం ఉరుకుతూ వచ్చాడో ఆ డబ్బు కళ్ళముందే అద్దం అవతలికి వెళ్ళిపోతుంటే, ఎల్లేష్ చూస్తూ నిలబడ్డాడు. ఆపమనలేదు. ఒక్కసారి మాత్రం అడిగాడు, మెల్లగా.

"నలభై అయిదుండెనా అవ్వా?"

"ఔ. రాణికి."

అతను తల దించుకుని చెప్పుల వంక చూసుకున్నాడు. ఆ నిమిషంలో అతని మెదడులో ఏ స్కీమూ లేదని లక్ష్మణరావుకు ఎందుకో గట్టిగా అనిపించింది.

పోశవ్వ వేలిముద్ర వేసింది. 307529 పుస్తకం నుంచి తెగింది. యాభై మంది ఒక్కసారిగా గాలి వదిలారు.

బుచ్చిబాబు ముందుకొచ్చి నోట్లు చాచాడు. "న్యాయం న్యాయమేనండీ. ఎనిమిది తీసుకున్నవాళ్ళకని పోగుచేశాం. ఈ అయిదు వేలూ నీదేనమ్మా."

"నా పని అయిపోయింది, నాకెందుకు? వాని పేరు మీద గా తొమ్మిది రాయుండ్రి."

రాంచందర్ నోరు తెరిచాడు. తొమ్మిది తనదని అనబోయినట్టున్నాడు. పోశవ్వ మొహం చూసి, గొంతు సవరించుకున్నట్టు నటించి ఊరుకున్నాడు. 307530 ఎల్లేష్ పేరున అయిదు వేలకు తెగింది. రెండు నెలల్లో డబ్బు రెట్టింపు చేద్దామని బయల్దేరిన మనిషి చేతిలోకి, మూడేళ్ళు కదలని పత్రం వచ్చి పడింది.

చంద్రిక పక్కనున్న చిన్న యంత్రం కిర్రుమంటూ రెండు చీటీలు కక్కింది. ఆమె వాటిని పత్రాలకు పిన్ను చేసి కన్నంలోంచి ఇచ్చింది.

"ఈ చీటీలు భద్రం. డ్రాల తీసేది వీటి మీదున్న నంబరే."

నెల క్రితం తనకిచ్చిన చీటీని ఉత్త రసీదనుకున్న లక్ష్మణరావు కన్నం దగ్గరికి వంగాడు. "మరి పత్రం మీదున్న నంబరు?"

"అది ఉత్త కాగితం లెక్క సార్. ఎన్ని పత్రాలు ఖర్చయినయో మాకు తెలువనీకి. డ్రా నంబరు పైసలు కట్టినంక కంప్యూటర్ ఇస్తది. ఎందుకు?"

ఆ 'ఎందుకు'కు జవాబు చెప్పాల్సిన బాధ్యత తనదేనని లక్ష్మణరావుకు తెలుసు. ఈసారి చెప్పాడు. అంతా విని చంద్రిక పెన్ను కింద పెట్టింది.

"రెండు గంటల సంది గిదా? నన్నొక్కరన్న అడిగిన్రా? ఒకరు జిరాక్స్ అంటరు, ఒకరు బీపీ గోలీ అంటరు. ఇయ్యాల అబిడ్స్‌ల అందరికీ ఒకటేసారి మతిమరుపొచ్చిందనుకున్న!"

గోడ వెంట యాభై మంది మళ్ళీ సీలింగు వంక చూశారు. టైము ఒంటిగంటకు పది నిమిషాలుంది. చంద్రిక గడియారం చూసింది, లైను చూసింది, టిఫిన్ డబ్బా చూసింది. డబ్బాను బల్ల కిందికి జరిపింది.

"లోపలున్నోళ్ళందరికీ ఇస్త. ఎంతసేపైనా సరే. కంగారుపడకుండ్రి," అంది. ప్రభుత్వం ఈ పథకంలో ఎన్ని బహుమతులు పెట్టిందో గానీ, ఆ పూట అన్నిటికన్నా పెద్దది అదేనని లక్ష్మణరావు అనుకున్నాడు.

పోశవ్వ చీటీ ఆయన చేతిలో పెట్టింది. "సారూ, గీ నంబరు కూడిండ్రా?"

"కూడాను."

"ఎంతొచ్చింది?"

"నలభై అయిదు వేలు," అన్నాడు లక్ష్మణరావు.

ఆమె కాసేపు ఆయన మొహంలోకి చూసి, నవ్వి, పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి, ఖాళీ అయిన గుడ్డలోనే మూట కట్టుకుంది.

కౌంటరు దగ్గర లైను మళ్ళీ చకచకా కదలసాగింది. వంతు కోసం నిలబడ్డ రాంచందర్‌కు ఉన్నట్టుండి ఒక సందేహం వచ్చింది.

"గంతేనా? గా నంబరుకు, డ్రాకు సంబంధమే లేదంటె, మేం వేసిన వంద దేనికి వేసినట్టు? మా వంద మాకు వాపస్ రావాలె గద?"

ఆ మాట లైను పొడుగునా పాకింది. అందరూ బుచ్చిబాబు వంక చూశారు. బుచ్చిబాబు ఉంగరాల వేలితో ఎల్లేష్‌ను చూపించాడు. ఎల్లేష్ కన్నం దగ్గరికి పరిగెత్తాడు.

"మేడం, జర గీ అయిదు వేలు వాపసియ్యరాదా?"

"మూడేండ్లకు."

"జర అర్జంటున్నది మేడం."

"మూడేండ్లకు."

ఎల్లేష్ వెనక్కి తిరిగాడు. ఎదురుగా యాభై మంది, యాభై చాచిన చేతులు. ఇన్నాళ్ళూ ఎవరెవరికో డబ్బు కట్టి, ఎవరెవరి వెంటో వాపసు కోసం తిరిగిన మనిషి. తన ముందు జనం అలా నిలబడటం అతనికి ఇదే మొదలు. ఒక్క క్షణం బెదిరాడు. తర్వాత పత్రాన్ని తలమీదికెత్తి పట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఫికర్ చేయకుండ్రన్నా, మీ పైసలేడికి పోవు. నూటికి నాలుగు మిత్తి, గవర్నమెంట్ గ్యారంటీ. మూడేండ్లకు సక్కగ మా ఇంటికి రాండ్రి, ఎవలి వంద వాళ్ళ చేతుల పెడ్త, మిత్తి మీది చిల్లరతో సహా!"

ఎల్లేష్ నోటివెంట ఇప్పటిదాకా వచ్చిన స్కీముల్లో, చెప్పింది చెప్పినట్టు జరిగే ప్రమాదం ఉన్నది అదొక్కటే.